ఏటా 1,100 పౌన్లకు 22 లక్షల ఎకరాలు: అప్పర్ కెనడాలో చిప్పెవాల భూ అప్పగింతలు

గోదారిగట్టు:

సభ్యులకు నమస్కారం. ఒంటారియోలో (అప్పటి పేరు అప్పర్ కెనడా) ఉంటున్న తెలుగువారికి పిల్లల బడుల్లోనూ, పురపాలక సభల్లోనూ వినిపించే ఒక ప్రకటన బాగా అలవాటే. ఈ నేల ఫలానా ఒప్పందం పరిధిలోనిదని, ఫలానా ఆదివాసీ ప్రజల సంప్రదాయ భూమి అని రెండు వాక్యాలు చదివి, ఆ తరువాత అసలు కార్యక్రమంలోకి వెళ్తారు. ఆ ఒప్పందాల్లో ఏం రాసి ఉందో చూద్దామని నేను హ్యూరాన్ ట్రాక్ట్ ఒప్పందాన్ని పూర్తిగా చదివాను. జాబితాలో దాని సంఖ్య 29. 1827 జూలై 10న ఆమ్‌హెర్స్ట్‌బర్గ్‌లో చిప్పెవా అనే ఆదివాసీ ప్రజల నాయకులు 18 మంది దానిపై తమ గుర్తులు పెట్టారు. ఈనాడు సార్నియా, గోడ్‌రిచ్, స్ట్రాట్‌ఫర్డ్ పట్టణాలున్న నేలంతా, అంటే 22 లక్షల ఎకరాలకు అటూ ఇటూగా, బ్రిటిష్ రాచరికానికి దఖలు పడింది. అందుకు బదులుగా చిప్పెవాలకు ముట్టవలసింది ఏటా 1,100 పౌన్ల విలువైన సరుకులు, వారి కోసం విడిగా ఉంచిన నాలుగు చిన్న రిజర్వులు.

ఎకరాకు ఏడాదికి పెన్నీలో ఎనిమిదో వంతు కూడా పడని ఈ మొత్తం ఎలా నిర్ణయమయింది? సంతకం పెట్టినవారికి కాదనే వీలుందా? దీన్ని కొనుగోలు అనుకోవాలా, మరేదైనా అనుకోవాలా? మూల పత్రాలతో పరిచయం ఉన్నవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

పాతదస్తావేజులు:

మంచి చర్చ మొదలుపెట్టారు. 1827ను అర్థం చేసుకోవాలంటే 1763 నుంచి రావాలి. ఫ్రెంచివారిపై గెలిచిన తరువాత మూడో జార్జి రాజు ఆ ఏడాది అక్టోబరు 7న ఒక రాజ ప్రకటన చేశాడు. ఆదివాసుల భూమిని ప్రైవేటు వ్యక్తులు ఎవరూ కొనకూడదు. వారు అమ్మదలచుకుంటే రాచరికం పేరుతో మాత్రమే, గవర్నరు గానీ సైన్యాధికారి గానీ ఆ పని కోసమే పిలిచిన బహిరంగ సభలో మాత్రమే కొనాలి. మరుసటి ఏడాది వేసవిలో బ్రిటిష్ అధికారి సర్ విలియం జాన్సన్ నయాగరా కోట దగ్గర ఇరవైకి పైగా జాతుల నాయకులను, సుమారు రెండు వేల మందిని సమావేశపరచి, పూసలు అల్లిన వాంపం పట్టీలు ఇచ్చి పుచ్చుకుని మైత్రి కుదుర్చుకున్నాడు. బ్రిటిష్‌వారి దృష్టిలో పత్రం ముఖ్యం. అనిషినాబే ప్రజల దృష్టిలో (చిప్పెవా, ఒజిబ్వే, మిస్సిసాగా, ఒడావా అందరూ ఆ కోవలోనివారే) సభలో పలికిన మాటలు, చేతులు మారిన పట్టీ, ఏటేటా వచ్చే కానుకలు కలిస్తేనే ఒప్పందం.

మొదటి దశ కొనుగోళ్ళన్నీ ఒకేసారి సరుకులిచ్చి ముగించినవి. 1790 మే నెలలో బ్రిటిష్ అధికారి అలెగ్జాండర్ మెకీ డెట్రాయిట్‌లో ఒడావా, చిప్పెవా, పొటవాటమి, హ్యూరాన్ నాయకుల నుంచి ఈరీ సరస్సు ఉత్తరపు ఒడ్డున పెద్ద భూభాగాన్ని 1,200 పౌన్ల సరుకులకు తీసుకున్నాడు. 1796 సెప్టెంబరు 7న అదే అధికారి చిప్పెవాల నుంచి ఒంటారియోలోని లండన్ టౌన్‌షిప్‌ను 1,200 పౌన్లకు, సోంబ్రా ప్రాంతాన్ని 800 పౌన్లకు తీసుకున్నాడు. అప్పటికి వలసదారులు పలచగా ఉన్నారు, అడవి మిగిలే ఉంది, పక్కన అమెరికన్లతో యుద్ధ భయం ఉన్నందున ఆదివాసులను మంచి చేసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి ఉంది.

అమెరికాతో జరిగిన 1812–14 యుద్ధంలో చిప్పెవాలు బ్రిటిష్ పక్షాన పోరాడారు. యుద్ధం ముగిశాక ఆ అవసరం తీరిపోయింది, ఓడల నిండా వలసదారులు దిగడం మొదలయింది. భూమి కొనడానికి లండన్ నుంచి డబ్బు రాదని, కాలనీయే చూసుకోవాలని ఆదేశం వచ్చింది. 1818లో లెఫ్టినెంట్ గవర్నరు మెయిట్‌లాండ్ కాలంలో దొరికిన ఉపాయం ఇది: ఆదివాసుల భూమిని వలసదారులకు అమ్మాలి, కొన్నవాడు పదో వంతు ముందు కట్టి మిగిలిన దానిపై ఏటా వడ్డీ కట్టాలి, ఆ వడ్డీతోనే ఆదివాసులకు సాలీనా చెల్లింపు జరపాలి. అంటే ఆ భూమి ధరను ఆ భూమే చెల్లించుకుంటుంది, ఖజానా నుంచి పైసా కదలదు.

ఆ ఏడాది శరదృతువులోనే మూడు పెద్ద అప్పగింతలు జరిగాయి. అక్టోబరు 17న సిమ్‌కో సరస్సు చిప్పెవాల నుంచి 15,92,000 ఎకరాలు ఏటా 1,200 పౌన్లకు, అక్టోబరు 28న క్రెడిట్ నది మిస్సిసాగాల నుంచి 6,48,000 ఎకరాలు ఏటా 522 పౌన్ల 10 షిల్లింగులకు, నవంబరు 5న రైస్ సరస్సు ప్రాంతంలో 19,51,000 ఎకరాలు ఏటా 740 పౌన్లకు. మూడు వారాల్లో నలభై లక్షల ఎకరాలు దాటాయి.

ఇక గోదారిగట్టు గారి మొదటి ప్రశ్న. 1,100 అన్న సంఖ్యకూ భూమి విలువకూ సంబంధం లేదు. మనిషికి 2 పౌన్ల 10 షిల్లింగుల చొప్పున 440 మందికి లెక్కగట్టండి, సరిగ్గా 1,100 వస్తుంది. 1822 నాటి లాంగ్‌వుడ్స్ ఒప్పందంలోనూ ఇదే పద్ధతి: 240 మంది, తలకు రెండున్నర పౌన్లు, మొత్తం 600. భూమి ఎంతన్నది ఈ గుణకారంలో ఎక్కడా కనిపించదు.

న్యాయపీఠిక:

పై వివరణ చాలావరకు సరైనదే అయినా, దాని నుంచి తీసే నిర్ణయం విషయంలో తొందరపడవద్దని నా మనవి. ఆ కాలపు ప్రమాణాలతో చూస్తే, ఉత్తర అమెరికాలో మరెక్కడా లేనంత విధివిధానం ఇక్కడ పాటించారు. బహిరంగ సభ జరిగింది, దుబాసీలు ఉన్నారు, హద్దులు రాశారు, నాయకులు గుర్తులు పెట్టారు. హ్యూరాన్ ట్రాక్ట్ సంగతే తీసుకుంటే, 1825 ఏప్రిల్‌లో ఒక తాత్కాలిక ఒప్పందం రాసుకుని, రిజర్వుల హద్దులు సర్వే చేయించిన తరువాతనే 1827లో తుది పత్రం రాశారు. బలవంతంగా లాక్కోదలచిన ప్రభుత్వం అన్నేళ్ళు ఆగుతుందా? పైగా తలసరి లెక్క అన్యాయమని మనం ఇప్పుడు అంటున్నాం గానీ, పంచుకునే జనానికి అదే సులువైన పద్ధతి అయి ఉండవచ్చు. భూమి ధర అనేది కొనేవాడు ఉన్నప్పుడు పుట్టేది. 1827లో ఆ అడవికి బజారు ఎక్కడుంది?

పాతదస్తావేజులు:

న్యాయపీఠిక గారికి: తలసరి లెక్క దానంతటదే అన్యాయం కాదన్నంతవరకు ఒప్పుకుంటాను. అయితే ఆ షరతు ఏ వైపుకు తెరుచుకుంటుందో చూడండి. చెల్లింపు పొందేవారి సంఖ్య 440కి మించకూడదు. జనం పెరిగితే మొత్తం పెరగదు, అదే 1,100ను ఎక్కువ మంది పంచుకోవాలి. జనం సగానికి పడిపోతే మాత్రం చెల్లింపు కూడా ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. మశూచి, క్షయ ఒక్కో ఊరిని ఊడ్చిపెడుతున్న రోజుల్లో ఈ వాక్యం రాసినవారు ఏ దిశగా ఆలోచించారో వేరే చెప్పనక్కరలేదు. సరుకుల విలువను మాంట్రియల్ ధర ప్రకారం కట్టాలని కూడా రాశారు. అది చిప్పెవాలకు కొంత మేలు చేసే షరతేనని న్యాయం కోసం చెబుతున్నాను, ఎందుకంటే లోపలి ప్రాంతాల్లో వర్తకులు అదే దుప్పటికి చెప్పే ధర అంతకంటే చాలా ఎక్కువగా ఉండేది.

గోదారిగట్టు:

బజారు ఎక్కడుందని న్యాయపీఠిక గారు అడిగారు కనుక అదే పట్టుకుని వెతికాను. బజారు సిద్ధంగానే ఉంది. కెనడా కంపెనీ అనే వర్తక సంస్థకు 1826లో రాజపత్రం దొరికింది, దాని తొలి కార్యదర్శి జాన్ గాల్ట్. హ్యూరాన్ ట్రాక్ట్‌లో సుమారు 11 లక్షల ఎకరాలను ఆ కంపెనీకి దాదాపు 1,45,000 పౌన్లకు వాయిదాల మీద ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. అందులో మూడో వంతు దారులు, వంతెనల వంటి పనులకే ఖర్చు చేసుకోవచ్చన్న వెసులుబాటు కూడా ఉంది. అంటే చిప్పెవాలు తుది పత్రంపై గుర్తులు పెట్టడానికి ముందే కొనుగోలుదారు కుదిరాడు, ధర కూడా కుదిరింది.

ఏటా 1,100 పౌన్లు శాశ్వతంగా రావాలంటే నూటికి అయిదు వడ్డీ చొప్పున 22,000 పౌన్ల అసలు ఉంటే సరిపోతుంది. మొత్తం భూమికి ప్రభుత్వం మోసిన భారం అది. అందులో సగం భూమిని అమ్మడానికి కుదిరిన బేరం 1,45,000. స్థానిక కరెన్సీకీ స్టెర్లింగుకూ మధ్య తేడాలు, కంపెనీ ఖర్చులు ఎంత తీసేసినా ఈ రెండు అంకెలు దగ్గరికి రావు.

బ్రాంప్టన్ తెలుగు:

చర్చ చిప్పెవాల మీద నడుస్తున్నా, వారికి సోదర ప్రజలయిన మిస్సిసాగాల సంగతి కూడా చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే మనలో చాలామంది ఇళ్ళు ఆ నేల మీదే ఉన్నాయి. బ్రాంప్టన్ మొత్తం, మిస్సిసాగా నగరపు ఉత్తర భాగం పైన చెప్పిన 1818 అక్టోబరు 28 నాటి ఒప్పందం కిందికే వస్తాయి. దానికి అప్పటి క్రెడిట్ నది నాయకుడు అజెటాన్స్ పేరే ఉంది.

విధివిధానం పాటించారన్న వాదానికి టొరంటో కొనుగోలు ఒక్కటి చాలు జవాబుగా. 1787 సెప్టెంబరు 23న క్వింటీ అఖాతం దగ్గర సభ జరిగింది, సరుకులు పంచారు. కొన్నేళ్ళకు అధికారులు ఆ దస్తావేజు తీసి చూస్తే, భూమి వివరాలు ఉండవలసిన చోట కాగితం ఖాళీగా ఉంది. ముగ్గురు నాయకుల వంశ చిహ్నాలు వేరే చీటీ మీద ఉన్నాయి, ఆ చీటీని తెచ్చి ఖాళీ పత్రానికి అతికించారు. అది చెల్లదని 1794లో గవర్నరు డార్చెస్టరే తేల్చాడు. అయినా ఆ నేల మీద అప్పటికే యార్క్ పట్టణం (నేటి టొరంటో) లేస్తోంది, కనుక విషయం బయటపెట్టకుండా నెట్టుకొచ్చారు. చివరకు 1805 ఆగస్టులో మళ్ళీ సభ పెట్టి, 2,50,880 ఎకరాలకు హద్దులు గీసి, పది షిల్లింగులిచ్చి ఖరారు చేయించుకున్నారు. పటం ముందు పెట్టినప్పుడు మిస్సిసాగా నాయకుడు క్వినిపెనాన్ చెప్పింది రికార్డులో ఉంది: ఆ భూమి అమ్మిన పెద్దలందరూ చనిపోయారు, వారు ఏం చేశారో మీరు చూపిస్తున్న ఈ పటం ద్వారా తప్ప మాకు కచ్చితంగా తెలిసే మార్గం లేదు. 2010లో కెనడా ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్లు ఇచ్చి ఆ దావా పరిష్కరించుకుంది.

న్యాయపీఠిక:

టొరంటో దస్తావేజు సిగ్గుపడవలసినదే, దాన్ని నేను సమర్థించను. కానీ అది నియమానికి మినహాయింపు. ఒక చెడ్డ పత్రాన్ని చూపి ముప్పైకి పైగా ఒప్పందాలను తోసిపుచ్చలేము. అదీగాక సభలో నోటిమాటగా ఏవో హామీలు ఇచ్చారన్న వాదం తరచుగా వినిపిస్తుంది. రాతపూర్వకమైన పత్రం ఉండగా రెండు వందల ఏళ్ళ తరువాత నోటిమాటను ఎలా నిరూపిస్తారు?

పాతదస్తావేజులు:

నిరూపించారు, అదీ ప్రభుత్వపు కాగితంతోనే. 1818 నవంబరు 5న రైస్ సరస్సు ఒప్పందానికి ముందు జరిగిన సభలో ‘ఇండియన్’ (అంటే ఆదివాసీ) వ్యవహారాల ఉన్నతాధికారి విలియం క్లాస్ మాట్లాడాడు, గుమాస్తా ఆ మాటలను రాసిపెట్టాడు. నాయకుడు బక్‌క్వాక్వెట్ లేచి, మమ్మల్ని మా వేట నుంచి తరమరని ఆశిస్తున్నామన్నాడు, నీళ్ళు మాకు కావాలన్నాడు, దీవులను మాకు వదలండని అడిగాడు. నదులు అందరికీ తెరిచే ఉంటాయని, వాటిలో చేపలు పట్టడానికీ వేటాడడానికీ మీకు సమాన హక్కు ఉంటుందని క్లాస్ జవాబిచ్చాడు. ఒప్పంద పత్రంలో ఈ సంగతి ఒక్క ముక్క లేదు.

1970ల చివర్లో ఆ ప్రాంతపు ఆదివాసులు ఇద్దరిపై నిషిద్ధ కాలంలో కప్పలు పట్టారని కేసు పెట్టారు. ఒంటారియో అప్పీలు కోర్టు 1981లో తీర్పు ఇస్తూ, సభలో జరిగిన సంభాషణ కూడా ఒప్పందంలో భాగమేనని, వేట, చేపల హక్కు నిలిచే ఉందని చెప్పి వారిని విడిచిపెట్టింది. కెనడా ఆదివాసీ న్యాయశాస్త్రంలో ఈ కప్పల కేసు ఒక మైలురాయి.

కథ అక్కడితో ఆగలేదు. 1923లో ప్రభుత్వం సిమ్‌కో సరస్సు చిప్పెవాల మూడు తెగలతోనూ, మిస్సిసాగాల నాలుగు తెగలతోనూ విలియమ్స్ ఒప్పందాలు చేసుకుంది. వాటి చివర, ఇతర భూములన్నిటిలో ఉన్న హక్కులను కూడా వదులుకుంటున్నట్టు ఒక వాక్యం చేర్చారు. ఆ ఒక్క వాక్యంతో 1818 నాటి వేట హక్కులు కూడా పోయినట్టేనని 1994లో సుప్రీం కోర్టు తేల్చింది. మరో 24 ఏళ్ళు పోరాడిన తరువాత 2018లో 111 కోట్ల డాలర్ల పరిష్కారం కుదిరింది, వేట, చేపల వంటి హక్కులకు గుర్తింపు వచ్చింది, రామా గ్రామంలో ప్రభుత్వాలు బహిరంగంగా క్షమాపణ చెప్పాయి.

సార్నియా ఒడ్డు:

నేను పని చేసేది సార్నియాలో, ఆమ్జివ్‌నాంగ్ రిజర్వుకు దగ్గరలో. 29వ ఒప్పందం కింద మిగిలిన నాలుగు రిజర్వుల్లో ఇదే పెద్దది. నాలుగింటి విస్తీర్ణం వరుసగా 10,280, 2,575, 2,446, 2,650 ఎకరాలు; కలిపితే 17,951. ఇచ్చిన భూమిలో నూటికి ఒక్క ఎకరం చొప్పున కూడా వారికి మిగలలేదు. మిగిలిన దానికి ఏమయిందన్నది ఇక్కడ ఇంకా ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను.

మూర్ టౌన్‌షిప్‌లోని 2,575 ఎకరాల రిజర్వు పందొమ్మిదో శతాబ్దంలోనే కరిగిపోయింది. సార్నియా రిజర్వులో 2,540 ఎకరాలను మాల్కమ్ కామెరాన్ అనే రాజకీయ నాయకుడు, భూముల వ్యాపారి 1839లో ముగ్గురు నాయకులతో ఒప్పందం రాసుకుని కొన్నాడు. 1763 ప్రకటన నిషేధించినది సరిగ్గా ఇలాంటి కొనుగోలునే. తెగ సభ పెట్టి రాచరికానికి అప్పగించిన పత్రం లేకుండానే 1853లో ప్రభుత్వం పట్టా ఇచ్చేసింది. ఇప్పుడు ఆ నేల మీద ఊరి వీధులు, ఇళ్ళు, వ్యాపారాలు ఉన్నాయి. 1990లలో ఆమ్జివ్‌నాంగ్ ప్రజలు దావా వేసినప్పుడు సుమారు రెండు వేల మంది ఇళ్ళ యజమానులు ప్రతివాదులయ్యారు. చెల్లుబాటయ్యే అప్పగింత జరగలేదని అప్పీలు కోర్టు 2000లో ఒప్పుకుంది. అయితే నూట యాభై ఏళ్ళు గడిచాయి, మధ్యలో కొన్నవారు నిజాయితీగా కొన్నారు కనుక భూమి తిరిగి ఇప్పించలేమని, నష్టపరిహారం కావాలంటే ప్రభుత్వాన్ని అడగండని చెప్పింది.

మిగిలిన రిజర్వును నగరం దక్షిణపు అంచున చూడవచ్చు. మూడు వైపులా చమురు శుద్ధి కర్మాగారాలు, రసాయన కర్మాగారాలు ఉన్నాయి. శ్మశానం పక్క నుంచే పైపులు పోతాయి. సైరన్ మోగితే పిల్లలను బడి లోపలికి పిలిచి కిటికీలు మూసేస్తారు. ఈ ప్రాంతాన్ని స్థానికులు కెమికల్ వ్యాలీ అంటారు.

ఆ నాలుగింటిలో ఒకటైన స్టోనీ పాయింట్ రిజర్వు సంగతి ఇంకా దారుణం. భూమి అప్పగించడానికి తెగ నిరాకరించినా, 1942లో సైనిక శిక్షణ శిబిరం కోసం ఆ రిజర్వును యుద్ధ చట్టం కింద స్వాధీనం చేసుకున్నారు, ఎకరాకు 15 డాలర్లు కట్టారు. యుద్ధం ముగిశాక తిరిగి ఇస్తామన్న నేల యాభై ఏళ్ళు గడిచినా రాలేదు. 1995 సెప్టెంబరులో పక్కనున్న ఇప్పర్‌వాష్ పార్కులో నిరసన తెలుపుతున్న డడ్లీ జార్జ్ అనే చిప్పెవా వ్యక్తి ఒంటారియో ప్రావిన్సు పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఆ నిరసనకు మూలం 1827 పత్రంలో హద్దులు రాసిచ్చిన రిజర్వే. న్యాయమూర్తి సిడ్నీ లిండెన్ విచారణ నివేదిక 2007లో వచ్చింది, 2016లో 9.5 కోట్ల డాలర్లతో పరిష్కారం కుదిరింది.

న్యాయపీఠిక:

సార్నియా ఒడ్డు గారు చెప్పిన తీర్పును నేను చదివాను. న్యాయవాదిగా నాకు అందులో తప్పు కనిపించదు. ఈరోజు ఆ ఇంట్లో ఉన్న కుటుంబం కామెరాన్ చేసిన పనికి బాధ్యత వహించాలా? చట్టం ఎక్కడో ఒక చోట గీత గీయాలి. అలాగే 1942 నాటి స్వాధీనం ఒప్పందం తప్పు కాదు, ఒప్పందాన్ని ఉల్లంఘించడం. ఈ రెండింటినీ వేరు చేసి మాట్లాడుకుంటే మంచిది.

సార్నియా ఒడ్డు:

వేరు చేయడం మీకు సులువు. ఒప్పందం ప్రకారం ఆ నేల వారిది, వారి సమ్మతి లేకుండా అమ్మడానికి వీల్లేదు అని రాసిన ప్రభుత్వమే పట్టా ఇచ్చింది, అదే ప్రభుత్వం ఆలస్యమయిందన్న వాదం కూడా వినిపించింది. ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 1927 నుంచి 1951 దాకా, ఆదివాసులు భూమి దావాల కోసం అనుమతి లేకుండా డబ్బు పోగుచేయడమే చట్టరీత్యా నేరం. ఆలస్యంలో కొంత భాగం ఎవరు కల్పించారో ఆ లెక్క కూడా చేయాలి కదా.

నిర్వాహకులు:

అమెరికా వైపు జరిగిన 1837, 1842, 1854 చిప్పెవా ఒప్పందాల గురించి ఇద్దరు సభ్యులు అడిగారు. వాటికి విడిగా చర్చ తెరుస్తాం. ఇక్కడ బ్రిటిష్ కాలనీలో జరిగిన అప్పగింతలకే పరిమితం కావలసిందిగా మనవి.

సుపీరియర్ తీరం:

నిర్వాహకుల మాట పాటిస్తూనే, ఉత్తరానికి వెళ్ళకుండా ఈ చర్చ సగంలోనే ఆగిపోతుందని నా అభిప్రాయం. 1840లలో సుపీరియర్ సరస్సు ఒడ్డున రాగి ఉందని తెలిసి, ఏ ఒప్పందమూ లేకుండానే ప్రభుత్వం గనుల లైసెన్సులు ఇచ్చేసింది. 1812 యుద్ధంలో బ్రిటిష్ పక్షాన పోరాడిన షింగ్వాకోన్స్ అనే ఒజిబ్వే నాయకుడు విన్నపాలు పంపాడు, మాంట్రియల్ వెళ్ళి గవర్నరును కలిశాడు, ఫలితం లేకపోయింది. 1849 నవంబరులో ఆయన, నెబెనైగోచింగ్, అలన్ మెక్‌డొనెల్ అనే న్యాయవాది, మరికొందరు అనుచరులు మైకా బే గనిని స్వాధీనం చేసుకున్నారు. ప్రభుత్వం సైన్యాన్ని పంపింది, నాయకులను అరెస్టు చేసింది, మరుసటి ఏడాది ఒప్పందానికి కూర్చుంది.

1850 సెప్టెంబరు 7న సుపీరియర్ సరస్సు, 9న హ్యూరాన్ సరస్సు ప్రాంతాల ఒజిబ్వేలతో ఒప్పందాలు సూ సెయింట్ మేరీలో ముగిశాయి. ప్రభుత్వ ప్రతినిధి విలియం బెంజమిన్ రాబిన్సన్. అతని చేతిలో ఉన్న డబ్బు తక్కువ, నేల ఎక్కువ. సుపీరియర్ వారికి ఏటా 500 పౌన్లు, హ్యూరాన్ వారికి 600. తలకు ఎనిమిది షిల్లింగుల పైచిలుకు పడుతుంది. షింగ్వాకోన్స్, నెబెనైగోచింగ్ తలకు పది డాలర్లు అడిగారు. అప్పుడు పత్రంలో అంతకుముందు ఏ అప్పగింతలోనూ లేని ఒక షరతు చేరింది: ఈ భూమి నుంచి వచ్చే ఆదాయం నష్టం లేకుండా వీలు కల్పిస్తే చెల్లింపు పెంచాలి, తలకు ఒక పౌను వరకు, లేదా రాణిగారు దయతో నిర్ణయించే మరింత మొత్తం వరకు.

1875లో ఆ పౌనును నాలుగు డాలర్లుగా మార్చారు. ఆ తరువాత అదే నేలలో సడ్‌బరీ నికెల్ బయటపడింది, 1950లలో ఎలియట్ లేక్ యురేనియం బయటపడింది, కలప సరేసరి. చెల్లింపు నాలుగు డాలర్ల దగ్గరే నిలిచిపోయింది. 2018లో న్యాయమూర్తి పాట్రీషియా హెనెసీ, ప్రభుత్వానికి పెంచవలసిన బాధ్యత ఉందని తీర్పు చెప్పింది. 2023లో హ్యూరాన్ వైపు 21 తెగలతో వెయ్యి కోట్ల డాలర్లకు పరిష్కారం కుదిరింది. 2024 జూలై 26న సుప్రీం కోర్టు, నూట యాభై ఏళ్ళుగా నాలుగు డాలర్ల దగ్గర చెల్లింపును గడ్డకట్టించి ప్రభుత్వం తన వాగ్దానాన్ని ఎగతాళి చేసిందని కఠినంగా చెబుతూ, సుపీరియర్ తెగలకు ఇవ్వవలసినది ఆరు నెలల్లో తేల్చమంది.

న్యాయపీఠిక:

ఇది నా వాదానికే బలం. రాబిన్సన్ ఒప్పందాల్లో పెంపు షరతు రాసి ఉంది కనుక కోర్టు దాన్ని అమలు చేసింది. 29వ ఒప్పందంలో అలాంటి షరతు లేదు, పైగా 440 అన్న పరిమితి ఉంది. పత్రమే ప్రమాణమని మనం రాబిన్సన్ విషయంలో అంటే హ్యూరాన్ ట్రాక్ట్ విషయంలోనూ అదే అనాలి.

పాతదస్తావేజులు:

అలా అనగలిగితే బాగానే ఉండేది, కానీ రాబిన్సన్ స్వయంగా రాసిన నివేదిక అడ్డు వస్తుంది. పది డాలర్లు అడిగిన నాయకులకు తాను ఏం జవాబిచ్చాడో అతను పైఅధికారులకు వివరంగా రాశాడు. ఇంతకుముందు ఈ ప్రావిన్సులో అప్పగించిన భూములు మంచివని, అవి వెంటనే మంచి ధరకు అమ్ముడుపోయాయని, అందువల్ల ప్రభుత్వం ఉదారంగా ఇవ్వగలిగిందని, పైగా వాటిని తెల్లవారు పూర్తిగా ఆక్రమించినందున ఆదివాసులకు అక్కడ వేటకు చోటే లేకుండా పోయిందని చెప్పాడు. ఈ ఉత్తరపు నేల బంజరు కనుక ఇక్కడ తక్కువ ఇస్తున్నామని, బదులుగా వేట, చేపలు మీవే ఉంటాయని అన్నాడు.

అతను ఉదారంగా ఇచ్చామన్న దక్షిణ భూముల్లో హ్యూరాన్ ట్రాక్ట్ ఒకటి. భూమి ఎంత పలికితే చెల్లింపు అంత ఉంటుందన్నది 1850లో ప్రభుత్వం తన నోటితో చెప్పిన సూత్రం. ఆ సూత్రాన్ని 1827కు వర్తింపజేస్తే గోదారిగట్టు గారు పైన వేసిన లెక్క దగ్గరికి వస్తాం: ఒక పక్క కెనడా కంపెనీ బేరం 1,45,000, ఇంకో పక్క తలలు లెక్కపెట్టి కట్టిన 1,100. నేల మంచిదయినప్పుడు తలలను లెక్కపెట్టారు, నేల చెడ్డదనుకున్నప్పుడు నేలను లెక్కపెట్టారు. ఉత్తరాన అంచనా తప్పి నేల బంగారమయింది కనుక ఇప్పుడు చెల్లించవలసి వస్తోంది.

గోదారిగట్టు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కొనుగోలా అని నేను అడిగిన ప్రశ్నకు నా మటుకు నేను ఒక అభిప్రాయానికి వచ్చాను. 1790, 1796 నాటి పత్రాలను తక్కువ ధర కొనుగోళ్ళు అనవచ్చు. 1818 తరువాతవి వేరు. అక్కడ ప్రభుత్వం మధ్యవర్తిగా నిలబడి, ఒక చేత్తో భూమి తీసుకుని మరో చేత్తో అమ్మి, వచ్చిన దానిలో ఒక స్థిరమైన ముక్కను మాత్రం సొంతదారులకు విదిల్చి, మిగిలినదంతా తన ఖాతాలో వేసుకుంది. అజెటాన్స్ ఒప్పందం మీద కూడా ఇదే లెక్క వేయాలని ఉంది. అక్కడి టౌన్‌షిప్పుల్లో 1820లలో పొలాలు ఎంతకు అమ్ముడయ్యాయో బ్రాంప్టన్ తెలుగు గారి దగ్గర వివరాలుంటే దయచేసి ఇక్కడ పెట్టండి.